తూర్పు ముఖంగా గేరాయిలు

నూకరత్నానికి యాభై ఎనిమిదో ఏట కారు నడపడం వచ్చింది. ఊరికే వచ్చిందా అంటే, రాలేదు. క్లచ్చి అనే దానితో ఆవిడ చాలాకాలం పోట్లాడింది. దాన్ని వదలమంటే నొక్కేది, నొక్కమంటే వదిలేది. డ్రైవింగు స్కూలు మాస్టారు చివరికి రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీకు దండం పెడతాను, క్లచ్చి లేని బండి కొనుక్కోండి" అని వేడుకున్నాడు. పోర్టులో గుమాస్తా చేసి రిటైరైన భర్త సన్యాసినాయుడు వెతికి వెతికి ఒక పాత ఆటోమేటిక్ కారు తెచ్చిపెట్టాడు. లేతనీలం రంగు, ముసలిదే కానీ పెద్దమనిషి తరహా బండి. లైసెన్సు వచ్చిన రోజున నూకరత్నం వీధి వీధంతా లడ్డూలు పంచింది.

ఇప్పుడా కారుతో ఆవిడకొక పని పడింది. వచ్చే ఆదివారం మెట్టపాలెం హైస్కూల్లో తన పదో తరగతి వాళ్ళంతా కలుస్తున్నారు. ఆ వాళ్ళంతాలో మాణిక్యం ఉంది. బడి రోజుల్లో క్లాసు మొత్తానికీ సైకిలున్న ఆడపిల్ల మాణిక్యం ఒక్కతే. ఒక్కసారి తొక్కనియ్యవే అని నూకరత్నం అడిగితే, "నీ కాళ్ళు నేలమీదుంటేనే బాగుంటాయే రత్నం" అంది. అందరూ నవ్వారు. అది మరిచిపోయిందనుకుంటే, మొన్న ఫోను గ్రూపులో మళ్ళీ రాసింది: "రత్నం కారు నడుపుతోందిట! ముందు జనాన్ని తప్పుకోమని ఎవరైనా ఎర్రజెండా పట్టుకుని నడుస్తారా?" దాని కింద నవ్వు మొహాలు వరసగా దిగాయి. నూకరత్నం ఫోను బోర్లా పెట్టేసి, ఆదివారం తన కారు తను నడుపుకుని స్కూలు గేటు దాటి, మాణిక్యం కళ్ళముందు స్టీరింగు వైపు తలుపు తీసుకుని దిగకపోతే తన పేరు నూకరత్నమే కాదని నిశ్చయించుకుంది.

సరిగ్గా ఆ వారమే కారు మొరాయించడం మొదలుపెట్టింది. ముందుకు పోవడానికి గేరు డీలో పెడితే వెంటనే కదలదు. కాసేపు ఆలోచించుకుంటుంది. తరవాత ఎవరో వెనకనుంచి తోసినట్టు ఒక్క కుదుపు కుదిపి బయల్దేరుతుంది. నూకరత్నం కారుతో వచ్చిన పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, తనకు అర్థమైనంత మేరకు బిగ్గరగా చదివింది. గేరాయిలు తగ్గితే ఇలాగే అవుతుందిట. బండిని చదునైన చోట నిలపాలి. ఇంజను బాగా వేడెక్కి, ఆడుతూ ఉండాలి. బ్రేకు నొక్కి పట్టి గేరును అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, మళ్ళీ పార్కింగులో పెట్టాలి. అప్పుడు ఆయిలు కొలిచే పుల్ల పైకి తీసి, తుడిచి, మళ్ళీ దింపి, తీసి చూడాలి. తడి రెండు గీతల మధ్య ఉంటే సరి. తక్కువైతే అదే గొట్టంలో గరాటు పెట్టి కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఎక్కువ పోస్తే నురగ కట్టి మొదటికే మోసం.

"ఓసింతేనా!" అంది నూకరత్నం. "ఆవకాయ జాడీలో నూనె చూసుకున్నట్టే. ముక్క మునగాలి, జాడీ పొంగకూడదు. ఏవండీ, ఆ పాత పంచె ముక్క ఇలాగ పట్రండి."

సన్యాసినాయుడు పంచె ముక్క తేలేదు. గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"రత్నం, మనం చూడకూడదు."

"ఏటి చూడకూడదు? కారు మనదే కదా?"

"కారు మనదే. ఆయిలు మాత్రం మునిసిపాలిటీ పరిధిలోకి వచ్చిందిట."

నిజమే, వచ్చింది. కిందటి నెల ఎవరో పెద్దమనిషి ఇంటి దగ్గర ఇలాగే ఆయిలు చూసుకుంటూ, గేరు పార్కింగులో పెట్టడం మరిచి ముందుకు వంగాడు. బండి ఆయన్ని వదిలేసి వీధి వెంట దిగిపోయి, కమిషనరుగారు ఆ ఉదయమే ప్రారంభించిన ఫౌంటెన్లో కూచుంది. కమిషనరుగారు తడిసిపోయారు. తడిసిన మనిషి ఆరేలోపల 'గృహప్రాంగణ గేరు ద్రవ తనిఖీ నిబంధనలు' తయారయ్యాయి, వాటిని అమలు చేయడానికి ద్రవ తనిఖీ విభాగం ఏర్పడింది, దానికొక అధికారి, ఒక జీపు, ఒక బోర్డు వచ్చాయి. ఫౌంటెన్లో పడిన బండి తుక్కు కింద పోవడంతో, ఊళ్ళో ఇలా పుల్లతో గేరాయిలు చూసుకునే కారు నూకరత్నం గారిది ఒక్కటే మిగిలింది. విభాగం మొత్తం ఆ ఒక్క పుల్ల మీద బతుకుతోంది.

అందుకే సన్యాసినాయుడు ఫోను చెయ్యగానే అధికారి వైకుంఠరావుగారు పెళ్ళికి పిలిచినట్టు సంబరంగా వచ్చేశారు. జీపు దిగి, చేతిలో కొబ్బరికాయతో, "ఇది మా విభాగము యొక్క ప్రప్రథమ తనిఖీ. చరిత్రాత్మకము" అన్నారు. ఈయన మాణిక్యం మొగుడు. ఆ సంగతి నూకరత్నానికి తెలుసు. పళ్ళు బిగపట్టి మంచినీళ్ళిచ్చింది.

"ఇంజను వేడి చెయ్యాలి కదండీ, ఒక్క రౌండు కొట్టొస్తాను" అంది తాళాలు తీసుకుంటూ.

"ఆగండమ్మా! తనిఖీ కాని వాహనమును నడుపరాదు. నాలుగవ నిబంధన."

"అయితే ఇక్కడే ఇంజను ఆడిస్తాను."

"ఇంజను ఆడించుట నడుపుటలో అంతర్భాగము."

"మరి వేడెక్కడమెలాగ?"

"ఇంజను వేడిగా ఉండవలెనని మాత్రమే నిబంధన. ఆ వేడి ఎచ్చట నుండి రావలెనో చెప్పియుండలేదు" అన్నారు వైకుంఠరావుగారు. నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. మనిషి వేళాకోళమాడటం లేదు.

ఆ మధ్యాహ్నమంతా కారుకి వైద్యం జరిగింది. మునిసిపల్ ఆసుపత్రి నుంచి వేడినీళ్ళ సంచులు తెప్పించి బోనెట్టు కింద సర్దారు. పైన రెండు రగ్గులు కప్పారు. ఆసుపత్రి నర్సు ఇంజను సందులో థర్మామీటరు పెట్టి, తీసి చూసి, అలవాటు కొద్దీ, "జ్వరం లేదు" అంది. వైకుంఠరావుగారు నిరుత్సాహపడ్డారు. వీధిలోవాళ్ళు కారుకేమైందని అడిగి, పాపం అని నాలిక చప్పరించి వెళ్ళారు. ఒకావిడ పళ్ళు కూడా తెచ్చింది. నూకరత్నం మటుకు వాకిట్లో కుర్చీ వేసుకుని, తన కారుకి కాపడం పెడుతున్న గవర్నమెంటును చూస్తూ, కోపం రావాలో నవ్వు రావాలో తేల్చుకోలేక రెండూ తెచ్చుకుంది. సాయంత్రానికి వైకుంఠరావుగారు కమిషనరుతో మాట్లాడి, ఇంజనును 'చలనోద్దేశము లేకుండా' ఆడించుకోవచ్చునని ప్రత్యేకానుమతి తెచ్చారు.

రెండో రోజున చదును సంగతి వచ్చింది.

మెట్టపాలెం గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఈ ఊరు కొండవాలున ఉంది. పడమట కొండ, తూర్పున సముద్రం, మధ్యలో వీధులన్నీ జారుడుబల్లలు. ఇక్కడ వాకిట్లో చెంబు దొర్లితే ఎదురింటివాళ్ళు పట్టుకుని ఇస్తారు. అయితే కిందటేడు 'సమతల మెట్టపాలెం' పథకం కింద ఊరంతా చదును చేసినట్టు కాగితాల మీద పని పూర్తయింది, బిల్లులు పూర్తయ్యాయి, ఊరి మొదట్లో 'సమతల పట్టణమునకు స్వాగతం' అని కమానుకూడా కట్టారు. ఆ కమానుకూడా కొంచెం ఒరిగే ఉంది.

వైకుంఠరావుగారు కారుకి దిష్టి తీసి, కొబ్బరికాయను నేలమీద పెట్టి, దండం పెట్టుకోవడానికి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి కాయ లేదు. అది వీధి మలుపు తిరిగి, సముద్రం వైపు హాయిగా వెళ్ళిపోతోంది.

"చూశారా? ఇది చదును కాదండీ" అంది నూకరత్నం.

వైకుంఠరావుగారు గొంతు సవరించుకున్నారు. "కొబ్బరికాయ గుండ్రముగా ఉండుటవలన దొర్లినది. అది కాయ యొక్క స్వభావము. భూమి యందు దోషము లేదు. రికార్డు ప్రకారము ఈ వీధి సమతలము."

"నేను నిలబడితేనే ముందుకు పడిపోతన్నాను కదండీ!"

"మీరు వైద్యుని సంప్రదించవలెను."

సరే, ఇంజను వేడెక్కింది. గేరు అన్ని స్థానాల్లోకీ తిప్పి, పార్కింగులో పెట్టి, నూకరత్నం పుల్ల తీసి, తుడిచి, దింపి, మళ్ళీ తీసింది. కారు ముక్కు పల్లానికి, అంటే తూర్పుకి ఉంది. ఆయిలంతా ముందుకు వచ్చేసి, తడి పై గీత దాటిపోయింది.

"అధికము!" అని ప్రకటించారు వైకుంఠరావుగారు. "కొంత తీసివేయవలెను."

"అయ్యో రామా, తీసేస్తే బండి చస్తాదండీ. ముక్కు కిందికుంటే అలాగే చూపిస్తాది. ఒక్కసారి తిప్పి చూడండి."

తిప్పారు. ముక్కు కొండవైపు, అంటే పడమరకు పెట్టారు. ఈసారి పుల్ల కింది గీత దాకా కూడా తడవలేదు.

వైకుంఠరావుగారు పుల్లను ఒకసారి, కారును ఒకసారి, సన్యాసినాయుణ్ణి ఒకసారి చూశారు.

"ఈ మధ్యకాలమున ఆయిలు ఎవరు తీసిరి?"

"నేను కాదండీ!" అన్నాడు సన్యాసినాయుడు, గోడకి ఆనుకుపోయి.

మళ్ళీ తూర్పుకి తిప్పారు. ఆయిలు ఎక్కువ. పడమరకు తిప్పారు. తక్కువ. భూమి సమతలమని రికార్డు చెబుతోంది కనక వాలు అనే మాట ఎవరూ అనడానికి లేదు. దొంగతనమా అంటే దొంగ ప్రతిసారీ తెచ్చి పోస్తున్నాడు. మిగిలిన కారణం ఒక్కటే. వైకుంఠరావుగారి మొహం నెమ్మదిగా వెలిగింది. ఆయనకు వాస్తులో ప్రవేశముంది. పూర్వం మామగారింట్లో వంటిల్లు మార్పించి, ఆ ఇంట్లో మూడు రోజులు వంట లేకుండా చేసిన అనుభవం కూడా ఉంది.

"దిక్కు!" అన్నారు. "తూర్పు ముఖముగా నిలిపిన ద్రవము వృద్ధి చెందుచున్నది. పడమర ముఖముగా నిలిపిన క్షీణించుచున్నది. అమ్మా, మీరు ఆయిలు పోయనవసరమే లేదు. తూర్పున నిలుపుకొనుడు, అదే పెరుగును!"

"నా ఖర్మ!" అంది నూకరత్నం పుల్ల చేత్తో పట్టుకునే.

మర్నాడు ఉదయం మైకు పెట్టిన ఆటో వీధుల్లో తిరిగింది. పురప్రజల వాహనముల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకొని, ఇకమీదట పట్టణమునందలి సమస్త వాహనములు సర్వకాల సర్వావస్థలయందు తూర్పు ముఖముగానే ఉండవలెనని ప్రకటించింది. పడమరకు పోవలసినవారు తూర్పు ముఖముగానే వెనుకకు పోవచ్చునట. అది ప్రకటిస్తున్న ఆటో కూడా వెనక్కే పోతోంది.

జనం మొదట నవ్వారు. తరవాత జరిమానా వేస్తున్నారని తెలిసి తిప్పుకున్నారు. కొండవైపు వెళ్ళే బస్సు వెనక్కి నడిచింది. డ్రైవరు మెడ తిప్పి తిప్పి పట్టేయడంతో, వెనక సీటులో కూచున్న ముసలమ్మే, "ఆపు నాయనా, గేదుంది. ఊఁ, ఇక పద" అని బస్సు నడిపించింది. వెనకద్దాలకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. మెడనొప్పులు చూసే డాక్టరు ఇంటిమీద మేడ లేపడానికి కొలతలు తీయించాడు. ఎదురింటి కొత్త పెళ్ళికొడుకు స్కూటరుకి వెనక గేరు లేదు కనక, అత్తారింటికి పడమర వీధి దాకా కాళ్ళతో నేల తన్నుకుంటూ వెనక్కి వెళ్ళి, అక్కడ భోజనానికి కూచున్నాక కూడా కాసేపు ఆయాసపడ్డాడు.

ఇందులో నూకరత్నానికి నవ్వు రాలేదు. హైస్కూలు పడమటి కొసన, కొండపైన ఉంది.

శనివారం సాయంత్రం సన్యాసినాయుడు మెల్లిగా అన్నాడు. "రత్నం, ఆటోలో వెళ్ళిపో. ఎవరేమనుకుంటారు?"

"మాణిక్యం అనుకుంటాది."

"అనుకోనీ."

"మీకేటి తెల్సు?" అంది నూకరత్నం. "నలభై ఏళ్ళ పైమాటండీ. ఒక్కసారి తొక్కనియ్యవే అంటే నవ్వింది. ఆ నవ్వు నాకింకా ఇనిపిస్తాది. అందరూ కొడుకు తీసుకొచ్చాడు, అల్లుడు తీసుకొచ్చాడు అని దిగుతారు. నేను ఎవరూ తీసుకురాకుండా దిగాల. అంతే."

సన్యాసినాయుడు లోపలికి వెళ్ళి, పాత పంచె ముక్క, గరాటు, ఎర్ర గేరాయిలు డబ్బా తెచ్చి కారు వెనక సీటులో పెట్టాడు. జీవితంలో ఆయన ప్రభుత్వానికి ఎదురు తిరగడం అదే మొదలు.

ఆదివారం ఉదయం నూకరత్నం పట్టుచీర కట్టుకుని, అందరి భోజనంలోకని పెట్టిన ఆవకాయ గాజు జాడీని మొగుడి ఒళ్ళో పెట్టి, కారెక్కింది. వెనక్కి పోవడానికి గేరు ఆర్‌లో వేసింది. కారు తూర్పుకి ముక్కు పెట్టి, పల్లానికి వంగి ఉందేమో, ఉన్న కాస్త ఆయిలూ ముందుకి చేరి, ఆలోచించకుండా కదిలింది. నూకరత్నం కుడిచెయ్యి స్టీరింగు మీద, ఎడంచెయ్యి పక్కసీటు వీపుమీద వేసి, వెనకద్దంలోంచి కొండను చూస్తూ ఎక్కించుకుపోయింది. మార్కెట్టు దాటింది. ఒరిగిన కమాను దాటింది. వెనక్కి కొండెక్కుతున్న బస్సును వెనక్కే దాటేసింది. బస్సు వెనక సీటు ముసలమ్మ కిటికీలోంచి చెయ్యెత్తి ఊపింది.

"రత్నం, నీకిది చాలా బాగా వచ్చేసిందే!" అన్నాడు సన్యాసినాయుడు, జాడీని కావలించుకుని.

"క్లచ్చి లేకపోతే నాకు రానిదేటండీ!" అంది నూకరత్నం.

స్కూలు గేటు దగ్గర క్లాసువాళ్ళంతా నిలబడి ఉన్నారు. అప్పుడే ద్రవ తనిఖీ విభాగం జీపు కూడా వచ్చింది. దాని డ్రైవరుకి వెనక్కి నడపడం సరిగా రాక, గేటు స్తంభానికి బంపరు తగిలించి, అక్కడే ఆపేశాడు. వైకుంఠరావుగారు దిగారు. మాణిక్యం దిగబోతే తలుపు స్తంభానికి అడ్డుపడి సగమే తెరుచుకుంది. అదే క్షణంలో నూకరత్నం లేతనీలం కారు, మిగిలిన ఇరుకు సందులోంచి, గీత గీసినట్టు వెనక్కి దూరిపోయి, ఆటస్థలం మధ్యలో ఆగింది. స్టీరింగు వైపు తలుపు తెరుచుకుంది. పట్టుచీర దిగింది.

ఎవరో చప్పట్లు కొట్టారు. తరవాత అందరూ కొట్టారు. మాణిక్యం సగం తలుపులోంచి చూస్తూ ఉండిపోయింది.

నూకరత్నం ఎదురుచూసిన ఘడియ అది. కానీ సన్యాసినాయుడు జాడీని నేలమీద పెట్టగానే ఆవిడ చూపు దానిమీద పడి ఆగిపోయింది. జాడీలో ఆవకాయ మీద నూనె నాలుగువైపులా ఒక్కలాగే నిలబడి ఉంది. చుట్టూ తిరిగి చూసింది. వంగి చూసింది. ఎటూ ఒరగలేదు.

"ఏవండోయ్! ఇది చదును!" అని అరిచింది. "ఇంజను వేడిగా ఉంది. నేల చదునుగా ఉంది. పట్టండి గరాటు!"

ఇంజను ఆడుతూనే ఉంది. గేరు అన్ని స్థానాల్లోకీ తిప్పింది, పార్కింగులో పెట్టింది, హ్యాండు బ్రేకు లాగింది, పుల్ల తీసింది, పంచె ముక్కతో తుడిచింది, దింపి తీసింది. కింది గీతకి దిగువన ఉంది. ఆయిలు ఎర్రగా, శుభ్రంగానే ఉంది, మాడు వాసన లేదు. క్లాసువాళ్ళంతా పురిటిగది బయట నిలబడ్డట్టు చుట్టూ మూగారు.

"నిలుపుడు! నిలుపుడు!" అంటూ వైకుంఠరావుగారు పరుగెత్తుకొచ్చారు. "ఇచ్చట తనిఖీ చెల్లదు. పట్టణమంతయు సమతలము, ఈ ఆటస్థలము తప్ప!"

"ఇదెందుకు కాదండీ?"

"ఇది మొదటినుండియు చదునుగానే ఉన్నది. చదునుగా ఉన్నదానిని చదును చేయుటకు నిధులు మంజూరు కావు. నిధులు మంజూరు కానందున చదును చేయలేదు. చదును చేయనందున రికార్డు ప్రకారము ఇది వాలు!"

ఆ మాట అర్థం చేసుకోవడానికి క్లాసంతటికీ కొంత సమయం పట్టింది. ఈలోగా మాణిక్యం జీపు సందులోంచి ఎలాగో బయటపడి, చీర సర్దుకుంటూ వచ్చింది. జాడీని చూసింది. పుల్లను చూసింది. మొగుణ్ణి చూసింది.

"ఏవండీ," అంది, "మీరు కాసేపు ఆ గరాటు పట్టుకోండి."

వైకుంఠరావుగారు పట్టుకున్నారు. సన్యాసినాయుడు డబ్బా వంచాడు. నూకరత్నం "కొంచెం, కొంచెం, చాలు" అంటూ పోయించి, పుల్ల తుడిచి చూసి, మళ్ళీ కాస్త పోయించింది. తడి రెండు గీతల మధ్యకి వచ్చి నిలబడింది. కారెక్కి డీలో పెట్టింది. ఏ ఆలోచనా లేకుండా, ఏ కుదుపూ లేకుండా బండి మెత్తగా కదిలి, ఆటస్థలంలో సగం చుట్టు తిరిగింది. నూకరత్నం కళ్ళు చెమర్చాయి. దిగి, చేతులు తుడుచుకుంటుంటే మాణిక్యం దగ్గరికొచ్చింది.

"రత్నం, నా సైకిలు గుర్తుందా?"

"మర్చిపోతానా?"

"పెళ్ళైన మర్నాడే అమ్మించేశారే. ఆడది సైకిలేటి అన్నారు. తరవాత నేనేదీ నడపలేదు. నలభై ఏళ్ళూ వెనక సీటే." మాణిక్యం నేలకేసి చూసింది. "గ్రూపులో ఆ మాట కుళ్ళుకొద్దీ రాశాను. ఒసే, ఒక్కసారి నడపనిస్తావా?"

నూకరత్నం నాలిక చివర చక్కటి జవాబుంది. నీ కాళ్ళు నేలమీదుంటేనే బాగుంటాయే అనొచ్చు. దానికోసమే ఇన్నేళ్ళూ దాచుకుంది. నోరు తెరిచింది, మాణిక్యం మొహం చూసింది, మూసేసింది.

"ఎక్కు" అంది. "ఎడంకాలు ముడుచుకుని కూచో. దానికిందులో పనిలేదు. కుడికాలు బ్రేకు మీదుంచు, గట్టిగా. నాయుడుగారు పక్కన కూచుంటారు, కంగారు పడితే హ్యాండు బ్రేకు ఆయన లాగుతారు."

మాణిక్యం ఎక్కింది. కారు ముక్కు తిరిగి తిరిగి పడమటి కొండకేసి ఉంది.

"పడమర! పడమర ముఖము!" అని గరాటు చేతిలో పట్టుకునే అరిచారు వైకుంఠరావుగారు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు.

"ఒసే రత్నం, భయంగా ఉందే. ముందెవరైనా అడ్డొస్తే?"

"ఎవరూ రారు. నేనున్నాను కదా" అంది నూకరత్నం. గేరాయిలు తుడిచి తుడిచి ఎర్రగా తడిసిపోయిన పంచె ముక్కను చేత్తో జెండాలా పైకెత్తి పట్టుకుని, ఆటస్థలంలో కారుకి బాగా ముందుగా నడవడం మొదలుపెట్టింది.